తాండూరు బండ, వెరోనా వీధి



నేనుండేది వికారాబాద్‌లో, పని తాండూరులో. రోజూ రైల్లో పోయి రావడమే. ఒక చివర అనంతగిరి గుట్టల గాలి, ఇంకో చివర పాలిషింగ్ మిషన్ల చప్పుడు. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు మార్గం పడింది. ఆ పట్టాల వెంటే మా బండ కూడా ఊళ్ళు తిరగడం నేర్చింది. తాండూరు, బషీరాబాద్, యాలాల చుట్టుపక్కల నల్లరేగడి కింద సున్నపురాయి పొరలు పొరలుగా పరుచుకుని ఉంటుంది. కొన్నిచోట్ల నీలం, కొన్నిచోట్ల పసుపు. పైమట్టి తీసి, పొర సందులో గునపం దూర్చి లేపితే పలకకు పలక ఊడి వస్తుంది. దాన్ని కొలతకు కోసి, నునుపు చేసి, చదరపు అడుగుల లెక్కన లారీకెక్కించడం మా వ్యాపారం. మీరు చదివిన బడిలోనో, రైలు కోసం నిలబడ్డ ప్లాట్‌ఫారం మీదో, అమ్మమ్మగారింటి పంచలోనో ఎప్పుడో ఒకప్పుడు మీ కాలు ఈ బండ మీద పడే ఉంటుంది.

ఈ బండ పని మీదే ఇటలీ దేశంలోని వెరోనా నగరానికి వెళ్ళాల్సి వచ్చింది. ఏటా సెప్టెంబరు చివర్లో అక్కడ మార్మోమాక్ అనే రాళ్ళ సంత జరుగుతుంది. 1961లో వెరోనా పక్కనున్న సాంత్ అంబ్రోజో అనే చిన్న ఊళ్ళో మొదలైన సంత అది. చుట్టూ వాల్పోలిచెల్లా కొండల్లో రాతి గనులున్న ఊరు. తర్వాత నగరానికి మారి, ఇప్పుడు ప్రపంచంలోని పెద్ద రాతి సంతల్లో ఒకటిగా నిలిచింది. రాయి తవ్వేవాళ్ళు, కొనేవాళ్ళు, రాయి కోసే యంత్రాలు చేసేవాళ్ళు దేశదేశాల నుంచి వచ్చి అక్కడ కలుసుకుంటారు.

బయల్దేరే ముందు మా దగ్గర బండలు చీల్చే పెద్దమేస్త్రి నన్ను ఆపాడు. "సారూ, ఆ దేశపోళ్ళు బండను మనలెక్క పొరపొర చీలుస్తరా, మిషన్ పెట్టి కోస్తరా? జర సూసి రాండ్రి" అన్నాడు. "చూసొచ్చి చెప్తా తాతా" అన్నాను.

ముందు సంత సంగతి చెప్తాను. హాళ్ళ బయట ఇంటి గదులంత రాతి దిమ్మెలు నిలబెట్టి ఉన్నాయి. లోపల ఒక రోబో చెయ్యి పాలరాతి దిమ్మెలోంచి మనిషి ముఖం చెక్కుతుంటే, చుట్టూ మూగి ఫోన్లెత్తి వీడియోలు తీస్తున్నారు. ఇంకోచోట మన ప్రకాశం జిల్లా చీమకుర్తి నల్ల గ్రానైట్ కనిపించింది. నల్లని ఒంటి మీద బంగారు చుక్కలు, పైన చిన్న దీపాల వెలుగు. మన దగ్గర దిమ్మెగా బయల్దేరిన రాయి అక్కడ పలకగా కోయించుకుని, మెరుగు పెట్టించుకుని, ఇటాలియన్ వ్యాపారి కొట్లో రాజాలాగా నిలబడింది. రాయి మనది, కోసే యంత్రం వాళ్ళది. లాభం ఎవరి వైపు ఎక్కువ మొగ్గుతుందో లెక్క కట్టడానికి పెద్ద చదువేం అక్కర్లేదు.

మేం రంగు చెప్పడానికి, ధర చెప్పడానికి తయారై పోయాం. అక్కడ మొదట అడిగేవి ఆ రెండూ కావు. పలకకూ పలకకూ మందంలో తేడా ఎన్ని మిల్లీమీటర్లు? నీరు ఎంత పీలుస్తుంది? ఎంత బరువు పడితే విరుగుతుంది? తడిస్తే జారుతుందా? చలికాలంలో రాతి సందుల్లోకి దిగిన నీరు గడ్డకడితే పెచ్చులు లేస్తుందా? ఐరోపాలో వీధుల్లో, పెరళ్ళలో పరిచే రాతి పలకలకు ఈ ప్రతి ప్రశ్నకూ ఒక పరీక్ష, ఒక ప్రమాణం ఉన్నాయి. ఆ కాగితం చేతిలో ఉంటేనే సరుకు బజారుకెక్కుతుంది. నీళ్ళు గడ్డకట్టడం ఫ్రిజ్‌లో తప్ప చూడని తాండూరులో పుట్టిన రాయికి మంచు పరీక్ష పెట్టించడమంటే వింతగానే ఉంటుంది. కానీ అడిగేవాళ్ళ తప్పేం లేదు, వాళ్ళ చలి వాళ్ళది.

ఒక పెద్దాయన మా నీలం పలకను చేత్తో తడిమి, గోటితో గీసి, నీళ్ళు చిలకరించి చూశాడు. వివరాలన్నీ రాసుకున్నాడు. చివర్లో, "మీ ఊళ్ళో ఈ రాయి పరిచిన అందమైన చోటు ఏది? ఫొటో ఉంటే చూపించండి" అన్నాడు. నా ఫోన్లో గని ఫొటోలున్నాయి, పేర్చిన బండల ఫొటోలున్నాయి, లోడైన లారీల ఫొటోలున్నాయి. ఆయన అడిగింది అవి కాదు. రైలు ప్లాట్‌ఫారాలూ బడులూ పల్లెటూరి ఇళ్ళూ ఉన్నాయని నోటితో చెప్పాను. ఆయన నవ్వి, "సాయంత్రం బ్రా మైదానానికి పోండి. మా రాయి మీద కాసేపు నడవండి" అని పంపించాడు.

బ్రా మైదానం వెరోనా నడిబొడ్డున ఉంది. దాని ఒక పక్కన వెడల్పాటి కాలిబాట. దాన్ని లిస్టోన్ అంటారు. 18వ శతాబ్దంలో గులాబీ రంగు రాయి పరిచి చేసిన బాట అది. సాయంత్రం అయిందంటే ఊరు ఊరంతా అక్కడికి వస్తుంది. ఇస్త్రీ మడతల బట్టలతో ముసలివాళ్ళు చెయ్యీ చెయ్యీ పట్టుకుని వస్తారు. ఐస్‌క్రీం కారుతున్న పిల్లలు, కుక్కల్ని పట్టుకున్న ఆడవాళ్ళు, ఆఫీసు బ్యాగు భుజాన్నున్న మగవాళ్ళు వస్తారు. ఎవరూ ఏమీ కొనరు, ఎక్కడికీ పోరు. ఈ చివర నుంచి ఆ చివరకు, ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తారు. తెలిసినవాళ్ళు ఎదురైతే ఆగుతారు, మాట్లాడతారు, మళ్ళీ నడుస్తారు. ఇటలీ అంతటా ఉన్న అలవాటే ఇది. మన ఊళ్ళలో ఇదివరకు రచ్చబండ మీద కూర్చుని చేసిన పనిని వీళ్ళు నడుస్తూ చేస్తున్నారు.

నేను మాత్రం తల దించుకుని నడిచాను. వృత్తి అలవాటు. అతుకుల్లో తేడా ఎంత, వాలు ఎటు పెట్టారు, నీరు ఎటు పోతుంది అని చూసుకుంటూ పోతుంటే బాట రాతిలో ఒక చుట్ట కనిపించింది. నత్తగుల్ల చుట్టుకున్నట్టు ఉంది, అరచెయ్యంత ఉంది. నాలుగడుగుల అవతల ఇంకోటి. అవి అమ్మోనైట్లు. కోట్ల ఏళ్ళ కిందట సముద్రంలో ఈది, అడుగున బురదలో కూరుకుపోయి రాయిగా మారిన జీవులు. ఆ బాటకు పరిచిన వెరోనా ఎర్రరాయి జురాసిక్ కాలపు సముద్రపు అడుగు కాబట్టి ఇవి అందులో దొరుకుతాయి. ఊళ్ళోవాళ్ళు రోజూ వాటి మీదే నడుస్తారు. బడిపిల్లలను తీసుకొచ్చి ఒక టీచరమ్మ వంగి చూపిస్తోంది కూడా. మా తాండూరు బండలో ఇలాంటి గుల్లలు కనపడవు. ఎందుకంటే మా రాయి ఇంకా చాలా పాతది. భీమా నదీ ప్రాంతపు ఆ సున్నపురాయి పొరలు పేరుకున్న నాటికి గుల్ల తొడుక్కున్న జీవి భూమ్మీద పుట్టనేలేదు. ఈ ముక్క మా బడిపిల్లలకు ఎవరూ చెప్పగా నేను వినలేదు. మా బండ వయసుతో పోలిస్తే వెరోనా రాయి నిన్నగాక మొన్నటిది.

ఆ మైదానంలోనే అరేనా ఉంది. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో రోమన్లు కట్టిన కోడిగుడ్డు ఆకారపు ఆటస్థలం. ఆ రోజుల్లో సుమారు 30,000 మంది కూర్చునేవారట. దానికి బయటి వైపు ఇంకో గోడ చుట్టూ ఉండేది. 1117లో వచ్చిన భూకంపంలో అది కూలిపోగా ఇప్పుడు నాలుగు కమానుల ముక్క మాత్రం మిగిలింది. పడిన రాళ్ళను జనం తీసుకుపోయి ఊళ్ళో కట్టడాలకు వాడుకున్నారు. అయినా లోపలి మెట్లను మాత్రం తరం తర్వాత తరం బాగు చేసుకుంటూ వచ్చారు. 1913లో వెర్డీ అనే సంగీతకారుడి శతజయంతికి ఆయన రాసిన ఐడా నాటకాన్ని అక్కడ పాడారు. అప్పటి నుంచి యుద్ధాల కాలం తీసేస్తే వేసవి రాత్రుళ్ళు ఆ రాతి మెట్ల మీద జనం కూర్చుని సంగీత నాటకాలు వింటూనే ఉన్నారు. 2026 శీతాకాల ఒలింపిక్స్ ముగింపు వేడుకకు కూడా ఈ కట్టడాన్నే ఎంచుకున్నారు. నేను పోయేసరికి నాటకాల కాలం అయిపోయింది. ఖాళీ మెట్లెక్కి కూర్చున్నాను. రాయి మధ్యలో అరిగి పళ్ళెంలా గుంటపడింది. కొన్ని పలకలు కొత్తవి, కానీ అదే కొండ రాయి. అరిగినదాని పక్కన కొత్తది పెట్టేటప్పుడు రంగు కోసం వేరే గని వెతకలేదు.

వెరోనా అనగానే లోకం రోమియో జూలియట్ల పేరెత్తుతుంది. జూలియట్ ఇల్లని ఒక ఇల్లు చూపిస్తారు, కింద ఎప్పుడూ జాతరే. ఆ ఇంటి బాల్కనీ మాత్రం 20వ శతాబ్దంలో తగిలించినది. ఆ నాటకం రాసిన షేక్‌స్పియర్ ఆ ఊరు వచ్చినట్టు ఆధారమూ లేదు. జనం సంతోషంగా ఉన్నారు, నేను దాటి వచ్చేశాను.

నన్ను నిలబెట్టింది పోంతె పియెత్ర, అంటే రాతి వంతెన. అడిజె నది మీద రోమన్లు కట్టిన వంతెన అది. 1945 ఏప్రిల్‌లో, యుద్ధం చివరి రోజుల్లో, వెనక్కి పోతున్న జర్మన్ సైన్యం దాన్ని పేల్చేసింది. యుద్ధం ముగిశాక వెరోనావాళ్ళు కాంక్రీటు వంతెన వేసుకుని ఊరుకోవచ్చు. అలా చెయ్యలేదు. నదిలో పడిన రాళ్ళను వెతికి పైకి తీశారు. పాత ఫొటోలూ కొలతలూ దగ్గర పెట్టుకుని, దేని చోట దాన్ని పేరుస్తూ పియెరో గజ్జోలా అనే వాస్తుశిల్పి పర్యవేక్షణలో 1959 నాటికి నిలబెట్టారు. తెల్లరాయి, ఎర్ర ఇటుక కలిసిన ఆ కమానుల్లో ఎక్కడ రోమన్ల పని, ఎక్కడ తర్వాతివాళ్ళ పని అన్నది దూరం నుంచే తెలుస్తుంది. దాచిపెట్టాలని చూడలేదు.

వంతెన మీద నిలబడితే నదికి రెండు వైపులా ఎత్తైన గోడలు కనిపిస్తాయి. 1882 సెప్టెంబరులో అడిజె పొంగి ఊరిని ముంచింది. ఆ తర్వాత కట్టిన గోడలివి. మూసీ పుట్టే అనంతగిరి కింద ఇల్లున్నవాణ్ణి కదా, ఆ నెల పేరు తెలియగానే 1908 సెప్టెంబరు గుర్తొచ్చింది. మా గుట్టల నుంచి పోయిన నీరే అప్పుడు హైదరాబాదును ముంచింది. మనం ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టుకున్నాం, వాళ్ళు ఊళ్ళో గోడ కట్టుకున్నారు. మన పద్ధతిలో ఊరికి మంచినీళ్ళు కూడా వచ్చాయి. వాళ్ళ పద్ధతిలో వరద ఆగింది గానీ, నీటి ఒడ్డునే ఉన్న ఇళ్ళకు ఏటితో సంబంధం తెగిపోయింది. అన్నిట్లోనూ వాళ్ళే గొప్పని నేను చెప్పడం లేదు.

తిండి సంగతి. మేక మాంసానికి అలవాటుపడ్డవాణ్ణే కానీ, వెరోనాలో గుర్రపు మాంసం కూర పేరున్న వంట అని తెలిశాక హోటల్లో ఏది ఏ మాంసమో అడిగి అడిగి తిన్నాను. పొలెంతా అని మక్కపిండి ఉడికించి పెడతారు. దాంతో నాకు ఇబ్బంది లేదు. కాఫీ నిలబడి రెండు గుటకల్లో తాగేస్తారు. కూర్చుంటే ధర మారుతుంది. మధ్యాహ్నం చాలా దుకాణాలు మూసుకుని ఇంటికి పోతారు. సంత రోజుల్లోనూ అంతే. బేరం పోతుందని బెంగపడినవాడు నాకు కనపడలేదు.

అన్నం కూడా ఉంది. వెరోనాకు దక్షిణాన ఇసోలా దెల్లా స్కాలా అనే ఊరి చుట్టూ వరి పండిస్తారు. వియలోనే నానో అనే పొట్టి గింజ బియ్యం. 1996లో దానికి ఐరోపా భౌగోళిక గుర్తింపు వచ్చింది. హోటళ్ళ మెనూ కార్డుల మీద ఆ బియ్యం పేరు రాసి ఉంటుంది. మన తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. యాలాల రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ పట్టుబట్టి తెచ్చుకుంది. ఈ నేలలోని బంకమట్టి, కింద ఉన్న సున్నపురాయి, ఈ రెండూ మా కందికి ఆ రుచి ఇస్తాయని దరఖాస్తులో రాశారు. అంటే మా పప్పు రుచిలో మా బండకూ వాటా ఉంది. హైదరాబాదులో కిరాణా కొట్టువాళ్ళు తాండూరు పప్పు అని పేరు చెప్పి మరీ అమ్ముతారు. హోటల్ మెనూ మీద ఆ పేరు నేనింకా చూడలేదు.

పని అయ్యాక ఒక రోజు వెరోనాకు ఉత్తరాన లెస్సీనియా కొండల మీదికి పోయాం. ఇక్కడ నాకు మేస్త్రి అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది. బస్సు మలుపు తిరగ్గానే పచ్చిక బయళ్ళ మధ్య నిలబెట్టిన రాతి పలకల వరస. ఒకదాని పక్కన ఒకటి, సగం నేలలో పాతి, పొలానికి కంచె. అచ్చం మా బషీరాబాద్ దారి. ముందుకు పోతే ఇళ్ళ కప్పులు రాతి పలకలే, అరుగులు రాతి పలకలే, పశువుల నీళ్ళతొట్లు రాతి పలకలే. అక్కడి సున్నపురాయి కూడా మాలాగే పొరలు పొరలుగా ఉంటుంది. చీలిస్తే పలకగా వస్తుంది. సాంత్ అన్నా దల్ఫాయెదో అనే ఊళ్ళోని మ్యూజియంలో ఆ పొరల్లో దొరికిన సొరచేపల రాతి అవశేషాలు పెట్టారు. ప్రూన్ అనే ఊరి దగ్గర కొండ కడుపులోకి తొలుచుకుంటూ పోయి, కప్పు కూలకుండా రాతి స్తంభాలు వదులుతూ పలకలు తీసిన పాత గనులున్నాయి. లోపల ఏ పొర ఎంత మందమో, ఏది కప్పుకు, ఏది నేలకు పనికొస్తుందో తరతరాల పనివాళ్ళకు కంఠతా వచ్చేది.

తిరిగొచ్చి మేస్త్రికి ఫొటోలు చూపించాను. "చీలుస్తరు తాతా, మనలెక్కనే" అన్నాను. ఫొటోను పెద్దది చేసి చాలాసేపు చూశాడు. "ఇండ్ల మీద కప్పు మంచిగ పేర్చిండ్రు. మా నాయిన ఇట్లనే పేరుస్తుండె" అన్నాడు. తర్వాత, "మరి మనోళ్ళెందుకు ఇడిసిండ్రు?" అన్నాడు.

ఆ ప్రశ్న నన్ను ఇంకా వదల్లేదు. లెస్సీనియాలో కూడా కొత్త ఇళ్ళకు ఎక్కువగా ఎర్ర పెంకే కనిపించింది. ప్రూన్ దగ్గరి ఆ పాత గనులు మూతపడ్డాయి. కాలం వాళ్ళకూ మారింది. తేడా ఏమిటంటే, పాతది పాడైనచోట అదే రాయి తెచ్చి వేస్తున్నారు. నగరంలో పదిమంది నడిచే చోట, పదిమంది కూర్చునే చోట సొంత రాయి పెట్టుకున్నారు. సంతకు వచ్చిన కొనుగోలుదారు పగలు నమూనా చూస్తాడు, సాయంత్రం దాని మీద నడుస్తాడు, మర్నాడు ధర గురించి గొణగడు. ఆ నగరమే వాళ్ళ దుకాణం.

మా దగ్గర గని యజమాని కొత్త ఇల్లు కడితే ముందు గదిలో గుజరాత్ మోర్బీ టైల్స్, మెట్లకు ఎక్కడిదో గ్రానైట్. తాండూరు బండ స్నానాలగదికి, పెరటికి, పశువుల కొట్టానికి. అక్కడ కూడా బతకనివ్వం. మరక పోవాలని యాసిడ్ పోసి కడుగుతాం. సున్నపురాయికి యాసిడ్ పడదు. మెరుపు పోతుంది, గరుకవుతుంది. అప్పుడు బండ మంచిది కాదంటాం. గనుల దగ్గర విరిగిన ముక్కలు గుట్టలు గుట్టలుగా పడి ఉంటాయి. పాలిషింగ్ మిషన్ల నుంచి వచ్చే తెల్లటి బురద ఎండి గాలికి లేస్తుంది. అదే సున్నపురాయి పొడిని ప్రపంచంలో కాగితంలో, రంగుల్లో, టూత్‌పేస్టులో కలుపుతున్నారు. మన దగ్గర ఆ పొడి పొలాల మీద పడుతోంది.

పెద్ద పథకాలు చెప్పేవాణ్ణి కాదు. రాతి పని తెలిసినవాడిగా మూడు సంగతులు చెప్తాను. 2016లో వికారాబాద్ జిల్లా అయింది. కొత్త ఆఫీసులు, బస్టాండ్లు, పార్కులు వస్తున్నాయి. అనంతగిరికి సెలవు రోజుల్లో హైదరాబాదు నుంచి జనం కార్లలో దిగుతున్నారు. ఆ గుట్టల దారుల్లో, బడుల ముందు, స్టేషన్ల బయట మా నీలం బండ, పసుపు బండ కలిపి ఒక కాలిబాట పరిస్తే రవాణా ఖర్చు నలభై కిలోమీటర్లది మాత్రమే. రెండోది, పరిచే పనిని గౌరవించడం. మంచి రాయిని చెడ్డ ఇసుక మీద, వాలు లేకుండా పరిస్తే ఏడాదికే కదులుతుంది, తిట్లు రాయికి పడతాయి. పరిచే మేస్త్రీలకు నేర్పు కావాలి, కూలీ కూడా దానికి తగ్గట్టు ఇవ్వాలి. మూడోది, ఒక పలక విరిగితే అక్కడ సిమెంటు పూసి పోకుండా అదే రాయి తెచ్చి వెయ్యడం. వెరోనాలో నేను చూసిన గొప్పదనంలో సగం ఈ మూడోదే.

మేం మా కార్ఖానా ముందు ఆవరణ తవ్వి, సొంత బండ పరిచాం. మందం కొలిచి ఏరిన పలకలు, సన్నని అతుకులు, వాన నీరు పోయే వాలు. పరిచింది మా పెద్దమేస్త్రే. సరుకు కోసం వచ్చేవాళ్ళు ఇప్పుడు ముందు దాని మీద నడుస్తారు, తర్వాతే లోపలికి వచ్చి ధర అడుగుతారు. బేరం మానలేదు, మనవాళ్ళు బేరం ఎందుకు మానతారు? కానీ ఈ మధ్య ఇద్దరు ముగ్గురు "ఇదే తీరుగ మా ఇంటి ముందటి హాల్లో పరుస్తరా?" అని అడిగారు. స్నానాలగదికి కాదు, ముందటి హాలుకి. మా వ్యాపారంలో ధర పెరగడం అక్కడి నుంచే మొదలవుతుంది.